ఏ పడవ తిరిగొస్తుంది?

ఇల్లు కట్టేవాళ్లు వాస్తు చూస్తారు. కారు కొనేవాళ్లు మైలేజీ అడుగుతారు. ఫ్రిజ్ కొనడానికి వెళ్లిన ఇల్లాలు తలుపు తీసి కూరగాయల అర ఏపాటి ఉందో చూశాక గానీ ధర మాట ఎత్తదు. మరి నెలల తరబడి నడిసముద్రంలో తిరగడానికి ఒక తెరచాప పడవ కొనాలనుకోండి. ఏం చూడాలి?

మనకు వింతగా అనిపించినా యూరప్‌లోనూ అమెరికాలోనూ ఇది చాలామంది నిజంగానే తలపట్టుకునే ప్రశ్న. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో పడవ కొనుక్కుని ఆలుమగలిద్దరూ సముద్రాల వెంట వెళ్లిపోవడం అక్కడ అరుదేమీ కాదు. చంటిపిల్లలతో వెళ్లేవాళ్లూ ఉన్నారు. రేవులో అమ్మకానికి కట్టి ఉంచిన పడవల్ని వాళ్లు మనం ఫ్లాటు చూసినట్టే చూస్తారు. పడగ్గది ఎంత వెడల్పుంది, వంటగదిలో ఓవెన్ ఉందా, సాయంత్రం కూర్చుని టీ తాగడానికి వెనకాల చోటుందా... అన్నీ న్యాయమైన ప్రశ్నలే. చిక్కల్లా, అవన్నీ రేవులో, పడవ నిటారుగా నిలబడి ఉండగా పుట్టిన ప్రశ్నలు.

సముద్రం అడిగేది వేరు. ఒడ్డు వెయ్యి మైళ్ల దూరంలో ఉంది. అర్ధరాత్రి. మూడంతస్తుల మేడంత అల వచ్చి పడవను బోర్లా తిప్పేసింది. ఇప్పుడు అది తనంతట తాను లేస్తుందా? లేచాక, విరిగినదాన్ని లోపలున్న మనిషి తన రెండు చేతులతో బాగుచేసుకోగలడా? అదీ కుదరకపోతే, ‘ఇక చాలు’ అని వెనక్కి తిరిగే వీలైనా అతడికి ఉందా?

ఈ చివరి ప్రశ్న పడవలమ్మే చోట ఎవరూ అడగరు. అడగనందుకు ఒక మనిషి చెల్లించిన మూల్యం ఎంతో 1969లో ప్రపంచమంతా చూసింది.

తొమ్మిది మంది... తొమ్మిది పడవలు

1968 మార్చిలో లండన్ పత్రిక ‘సండే టైమ్స్’ ఒక పందెం ప్రకటించింది. ఎక్కడా ఆగకుండా, ఎవరి సాయమూ తీసుకోకుండా, ఒంటరిగా తెరచాప పడవలో భూగోళాన్ని చుట్టి రావాలి. అప్పటికి ఆ పని చేసినవాళ్లెవరూ లేరు. మొదట వచ్చినవాడికి ‘గోల్డెన్ గ్లోబ్’ బహుమతి. అందరికన్నా తక్కువ రోజుల్లో వచ్చినవాడికి 5 వేల పౌండ్లు. జూన్ 1 నుంచి అక్టోబరు 31 లోపు ఎప్పుడైనా బయల్దేరవచ్చు. అర్హత పరీక్ష లేదు. ఫలానా పడవే ఉండాలన్న నియమమూ లేదు.

ఈ సడలింపు వల్లే ఆ పందెం మనుషులకన్నా పడవలకే పెద్ద పరీక్ష అయి కూర్చుంది. తొమ్మిది మంది బయల్దేరారు. ఒక్కరికీ మరొకరికీ పోలిక లేదు. 1966లో తెడ్ల పడవలో అట్లాంటిక్ దాటిన జాన్ రిడ్జ్‌వే, చే బ్లయిత్ అనే ఇద్దరు సైనికులు చెరో 30 అడుగుల పడవ ఎంచుకున్నారు. పోటు తీసినప్పుడు బురదలో ఒరిగిపోకుండా నిలబడేందుకు అడుగున రెండు కాళ్లలాంటి కీళ్లు ఉన్న రకమది. తీరం వెంబడి సెలవులు గడపడానికి భేషైన పడవ. దక్షిణ సముద్రాలకు కాదు. పైగా బ్లయిత్‌కి తెరచాప నడపడమే రాదు! ఒకరు బ్రెజిల్‌లో, ఇంకొకరు దక్షిణాఫ్రికాలో ప్రయాణం ముగించారు. జలాంతర్గాములు నడిపిన బిల్ కింగ్ ఈ ప్రయాణం కోసమే ప్రత్యేకంగా గీయించి, కట్టించిన పడవలో వెళ్లాడు. దక్షిణ అట్లాంటిక్‌లో అల ఒకటి దాన్ని గిర్రున తిప్పింది. తెరచాప కొయ్యలు పనికిరాకుండా పోయాయి. ఇంకో ఇద్దరు కూడా అట్లాంటిక్‌లోనే విరమించుకున్నారు.

మిగిలింది నలుగురు. అందులో ఒకరి పడవ మన బొంబాయిలో పుట్టింది.

కొబ్బరికాయ కొట్టి దించిన పడవ

రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీలో నౌకాధికారి. 1960ల మొదట్లో బొంబాయిలో ఉండగా తోటి అధికారులతో కలిసి ఒక పడవ కట్టించుకుందామనుకున్నాడు. పత్రికలో ప్రకటన చూసి ఇంగ్లండ్ నుంచి నమూనా తెప్పించారు. తీరా వచ్చినవి వాళ్లు కోరిన గీతలు కావు. ‘ఎరిక్’ అనే పాతకాలపు నమూనా. అమెరికన్ డిజైనర్ విలియం ఆట్కిన్ 1920లలో గీసినది. మళ్లీ రాసి తెప్పించుకునేంత వ్యవధి లేదు. సరే, కానిమ్మన్నారు.

ఆ పొరపాటు ఎంత మంచిదైందో తరువాత తెలిసింది. ఎరిక్‌కి మూలం నార్వేలో ఉంది. తుపానులో చిక్కుకున్న జాలర్లను కాపాడటానికి 19వ శతాబ్దం చివర్లో కోలిన్ ఆర్చర్ అనే ఆయన రక్షణ పడవలు రూపొందించాడు. అందరూ ఒడ్డుకు పరుగెత్తే వేళ సముద్రంలోకి వెళ్లాల్సిన పడవలవి. వేగం లేకున్నా ఫరవాలేదు, మునగకూడదు. అందుకే ముందు కొనలాగే వెనక కొన కూడా సన్నగా ఉంటుంది. తరుముకొచ్చే అల ఆ కొన దగ్గర రెండుగా చీలి పోతుంది.

బొంబాయి వడ్రంగులు దాన్ని టేకుతో కట్టారు. బాడిసతో చెక్కడం, చేత్తో తిప్పే బర్మాతో బెజ్జాలు వేయడం. గోదావరి ముఖాన కోరంగి, తాళ్లరేవు వైపు చెక్క పడవలు కట్టడం చూసినవాళ్లకు ఆ పని కొత్తగా అనిపించదు. 1964 డిసెంబరులో కొబ్బరికాయ కొట్టి నీళ్లలోకి దించారు. పేరు ‘సుహైలీ’. అరబ్బు నావికులు ఆగ్నేయపు గాలికి పెట్టుకున్న పేరది. పొడవు 32 అడుగులు.

పందెం మాట రాగానే నాక్స్ జాన్‌స్టన్ కోరుకున్నది సుహైలీని కాదు. 50 అడుగులు దాటిన కొత్త ఇనుప పడవ కావాలనుకున్నాడు. డబ్బు పెట్టేవాళ్లు దొరకలేదు. ఎంచుకోవడానికి ఇంకేమీ లేక ఉన్నదాన్నే తీసుకెళ్లాడు. అది చిన్నది, బరువైనది, మందకొడిది. కానీ దాన్ని బొంబాయి నుంచి ఆఫ్రికా చుట్టూ లండన్ దాకా అతడే నడిపించుకు వచ్చాడు. ఏ చెక్క ఎప్పుడు మూలుగుతుందో అతడికి తెలుసు. ఈ ఒక్కటీ ఏ నమూనా కాగితంలోనూ రాసి ఉండదు, ఏ ధరకూ దొరకదు.

1968 జూన్ 14న ఇంగ్లండ్‌లోని ఫాల్‌మౌత్ నుంచి బయల్దేరాడు. కొద్దివారాలకే పడవ అడుగున నీరు కారడం మొదలైంది. నడి అట్లాంటిక్‌లో నీళ్లలోకి దూకి, ఊపిరి బిగబట్టి, చెక్కల సందుల్లో దూది కుక్కి పైన రాగి రేకు కొట్టాడు. మధ్యలో సొరచేప వస్తే పైకెక్కి తుపాకీతో కాల్చి, మళ్లీ దూకాడు. తరువాత దక్షిణ సముద్రంలో ఒక అల పడవను పక్కకు పడేసింది. పైగదిలో పగుళ్లొచ్చాయి. రేడియో మూగబోయింది. ట్యాంకుల్లో మంచినీళ్లు పాడైపోతే వాన నీళ్లు పట్టుకుని తాగాడు. మనిషి నిద్రపోతున్నప్పుడు గాలిని బట్టి చుక్కానిని తిప్పే పరికరం ఆస్ట్రేలియా చేరేసరికి ముక్కలైంది. మరో పడవైతే అక్కడితో కథ ముగిసేది. సుహైలీ తెరచాపలు సర్ది వదిలితే తన దారిన తాను తిన్నగా పోయే రకం. యజమాని పడుకున్నా బండి లాక్కెళ్లే ముసలి ఎద్దులాంటిది.

312 రోజుల తరువాత, 1969 ఏప్రిల్ 22న సుహైలీ ఫాల్‌మౌత్‌లోకి వచ్చింది. కస్టమ్స్ అధికారులు పద్ధతి ప్రకారం ఏ రేవు నుంచి వస్తున్నావని అడిగారు. ‘ఫాల్‌మౌత్ నుంచే’ అన్నాడు. దారంతా కలిపి లెక్కేస్తే గంటకు 4 నాటికల్ మైళ్లు. చురుగ్గా నడిచే మనిషికన్నా కాస్త ఎక్కువ. తొమ్మిది పడవల్లో తిరిగొచ్చింది అదొక్కటే.

తంజావూరు బొమ్మ చెప్పే పాఠం

హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ పోటీలు చూసినవాళ్లకు ‘లేజర్’ పడవలు తెలుసు. 14 అడుగుల బుల్లి పడవ, ఒక్కరే ఎక్కుతారు. గాలి గట్టిగా వీస్తే బోల్తా పడుతుంది. కుర్రాడు నీళ్లలో పడి, ఈదుకుంటూ వచ్చి, అడుగున పొడుచుకొచ్చిన పలక మీద నిలబడి తన బరువుతో దాన్ని లేపుతాడు. మరుక్షణం మళ్లీ పందెంలో ఉంటాడు. చెరువులో అది ఆటలో భాగం.

పది టన్నుల పడవను మనిషి లేపలేడు. అదే లేవాలి. అందుకే దాని అడుగున సీసమో ఇనుమో పోతపోసి బిగిస్తారు. దాన్నే కీల్ అంటారు. పడవ మొత్తం బరువులో దాదాపు మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ అక్కడే ఉంటుంది. ఎలా పడేసినా లేచి కూర్చునే తంజావూరు బొమ్మలో ఉన్న కిటుకే ఇక్కడా ఉంది. పడవను పక్కకు వంచుతూ పోతే ఎన్ని డిగ్రీల దాకా అది లేవడానికే చూస్తుందో లెక్కకడతారు. 90 డిగ్రీలంటే తెరచాప కొయ్య నీటి మీద పడుకున్నట్టు. నడిసముద్రానికి వెళ్లే పడవకు ఈ లెక్క 120 డిగ్రీలైనా ఉండాలంటారు అనుభవజ్ఞులు. అంటే కొయ్య నీళ్లలో మునిగాక కూడా లేవాలన్నమాట.

ఇక్కడే రేవులో నచ్చిన పడవకూ సముద్రానికి నచ్చే పడవకూ పేచీ వస్తుంది. గది విశాలంగా ఉండాలంటే పడవ వెడల్పుగా ఉండాలి. వెడల్పైన పడవ మామూలప్పుడు కుదురుగానే ఉంటుంది. తిరగబడ్డాక కూడా అంతే కుదురుగా ఉంటుంది! 1979 ఆగస్టులో ఇంగ్లండ్ నుంచి 303 పడవలతో సాగిన ఫాస్ట్‌నెట్ పందెం మీద తుపాను విరుచుకుపడి 15 మంది పోటీదారులు చనిపోయారు. తరువాత జరిగిన విచారణలో తేలిన విషయాల్లో ఇదొకటి. వేగం కోసం తేలిగ్గా, వెడల్పుగా కట్టిన పడవలు కొన్ని బోర్లా పడి, లేవడానికి నిమిషాలు తీసుకున్నాయి. నీళ్ల కింద తలకిందులుగా ఉన్న మనిషికి ఒక నిమిషం ఎంతసేపో వేరే చెప్పాలా?

కీల్ ఆకారం మీద వాదనలు తెగవు. పడవ పొడవునా సాగే కీల్ ఉంటే తిన్నగా పోతుంది, చుక్కాని దాని వెనక భద్రంగా ఉంటుంది. కాకపోతే నెమ్మది, మలుపు తిరగదు. రెక్కలా పొట్టిగా ఉండే కీల్ అయితే చురుకు. కానీ చుక్కాని విడిగా వేలాడుతుంది. నీళ్లలో తేలే దుంగో, ఓడ మీంచి జారిపడిన కంటెయినరో తగిలితే గోవిందా. ఇప్పటి పడవల్లో ఎక్కువ భాగం రెండో రకమే. వాటిలో ప్రపంచం చుట్టి వచ్చినవాళ్లూ ఎంతోమంది ఉన్నారు కనుక ఇదే మంచిదని కొట్టి చెప్పడం కుదరదు. భార్యాభర్తలిద్దరే వెళ్లేటట్టయితే, రాత్రి ఒకరు నిద్రపోతుంటే రెండో మనిషి ఒంటిచేత్తో నడపగలిగే పడవకు ఓటు వేయడం మేలు.

ఇక లోపలి సంగతులు. వెనకాల కూర్చునే గుంట చిన్నదిగా ఉండాలి. అల వచ్చి నింపితే ఆ నీరు చప్పున పోవాలి. గది మరీ విశాలమైతే పడవ ఊగినప్పుడు మనిషి ఈ గోడ నుంచి ఆ గోడకు విసిరేసినట్టు పడతాడు. చెయ్యి చాస్తే పట్టుకోవడానికి ఏదో ఒకటి అందాలి. పాత పడవ కొనేవాళ్లు తనిఖీ చేసే నిపుణుణ్ణి వెంట తీసుకెళ్తారు. మన వాళ్లు కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టు అతను చిన్న సుత్తితో ఫైబర్‌గ్లాస్ ఒళ్లంతా తట్టి వింటాడు. చప్పుడు బోలుగా వస్తే లోపల నీరు చేరి పొరలు విడిపోతున్నాయేమోనని అనుమానం. తెరచాప కొయ్యను పట్టి ఉంచే ఉక్కు తీగలకు పదేళ్లు దాటితే చూడటానికి తళతళలాడుతున్నా మార్చేయమంటాడు.

ఒక్కొక్కరి ఎంపిక వెనక ఒక్కో గతం ఉంటుంది. ఆ 1968 పందెంలోనే ఉన్న ఫ్రెంచి నావికుడు బెర్నార్డ్ మోయిటెస్సియె వియత్నాంలో పెరిగినవాడు. అంతకు ముందు అతడి పడవలు రెండు బద్దలయ్యాయి. ఒకటి హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల దగ్గర, ఇంకొకటి వెస్టిండీస్‌లో. మూడోసారి ఉక్కుతో కట్టించుకున్నాడు. టెలిగ్రాఫ్ స్తంభాలే దాని తెరచాప కొయ్యలు! ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టిన తొలి మనిషి జాషువా స్లోకమ్ పేరు మీద దానికి ‘జాషువా’ అని పేరు పెట్టాడు. అది ఎంత గట్టిదంటే, కేప్ హార్న్ దాటి గెలిచే స్థితిలో ఉండి కూడా, ఇంటికి వెళ్లాలనిపించక పందెం వదిలేసి మళ్లీ సగం ప్రపంచం చుట్టి తాహితీ దీవికి వెళ్లిపోయాడు.

వెనక్కి తిరగలేని పడవ

మిగిలిన ఇద్దరివీ ఒకే నమూనా పడవలు. మూడు ఒళ్లు పక్కపక్కనే ఉండే ట్రైమరాన్లు. ప్లైవుడ్‌తో చేసినవి. బరువైన కీల్ ఉండదు కాబట్టి మంచి వేగం. ఒరగదు కాబట్టి బల్ల మీద టీ కప్పు కదలదు. కానీ ఒకసారి తిరగబడితే తిరగేసిన పీటలా అలాగే ఉండిపోతుంది. ఇప్పుడు రెండు, మూడు ఒళ్ల పడవలు ఎంతో మెరుగయ్యాయి. ఎన్నో కుటుంబాలు వాటిలో హాయిగా సముద్రాలు దాటుతున్నాయి. ఆనాటివి వేరు.

నైజెల్ టెట్లీ అనే నౌకాదళ అధికారికి ఆ పడవే ఇల్లు. భార్యతో కలిసి అందులోనే కాపురం ఉండేవాడు. ఆ ఇంటినే తీసుకుని బయల్దేరాడు.

రెండో మనిషి డొనాల్డ్ క్రోహర్స్ట్. ఎలక్ట్రానిక్స్ వ్యాపారి, నలుగురు పిల్లల తండ్రి. తీరం దాటి ఎక్కువ దూరం వెళ్లిన అనుభవం లేదు. వ్యాపారం దెబ్బతింటోంది. ఈ పందెం గెలిస్తే గట్టెక్కుతాననుకున్నాడు. అంతకు ముందు ఏడాదే ఫ్రాన్సిస్ చిచెస్టర్ ఒక్కచోట మాత్రమే ఆగి ప్రపంచాన్ని చుట్టి వచ్చిన ‘జిప్సీ మాత్ 4’ను ఇమ్మని అడిగాడు. ఇవ్వలేదు. రోజులు దగ్గరపడ్డాయి. వేగంలో గెలవగలిగేది ట్రైమరానేనని తేల్చుకున్నాడు. బోల్తా పడితే ఎలా? దానికీ ఉపాయం ఆలోచించాడు. కొయ్య కొసన ఒక గాలి సంచి, పడవ ఒరిగిపోతుంటే దాన్ని దానంతటదే ఉబ్బించే యంత్రం. కాగితం మీద బాగానే ఉంది.

పడవ హడావుడిగా తయారైంది. డబ్బు పెట్టిన ఆసామితో రాసుకున్న ఒప్పందం ప్రకారం ప్రయాణం మధ్యలో మానుకుంటే పడవను క్రోహర్స్టే తిరిగి కొనుక్కోవాలి. ఇల్లు తాకట్టులో ఉంది. గడువు చివరి రోజు, అక్టోబరు 31న బయల్దేరాడు. గాలి సంచి యంత్రానికని లాగిన తీగల కొసన యంత్రమే లేదు. రెండు వారాలు తిరక్కుండానే పడవలోకి నీళ్లు రావడం మొదలైంది. తోడే పంపుకి కావాల్సిన గొట్టం రేవులోనే ఉండిపోయింది. వెనక్కి తిరగడానికి ఉన్న కారణాలన్నీ వరసగా నోటుబుక్కులో రాసుకున్నాడు. ఈ పడవ దక్షిణ సముద్రాలకు పనికిరాదని అందరికన్నా ముందు అతడికే తెలిసింది. ముందుకు వెళితే ప్రాణం పోతుంది. వెనక్కి వెళితే ఇల్లు పోతుంది. ఒప్పందం రాసుకున్న నాడే ఆ రెండో దారి మూసుకుపోయింది.

అతడు మూడో దారి వెతుక్కున్నాడు. అట్లాంటిక్‌లోనే తచ్చాడుతూ, ప్రపంచం చుట్టి వస్తున్నట్టు రేడియోలో తప్పుడు లెక్కలు పంపాడు. అవి నమ్మి, క్రోహర్స్ట్ వెనకాలే తరుముకొస్తున్నాడనుకున్న టెట్లీ అప్పటికే శిథిలమైన తన పడవను ఇంకా వేగంగా నడిపాడు. 1969 మే 21న ఇంగ్లండ్ ఇక వెయ్యి మైళ్లకు కాస్త అటూ ఇటూగా ఉందనగా అది మునిగిపోయింది. టెట్లీని కాపాడారు. ఇప్పుడు అతి తక్కువ రోజుల్లో వచ్చిన వీరుడిగా క్రోహర్స్ట్ నిలబడాల్సి వస్తుంది. లెక్కల పుస్తకాలు చూపించాలి. జులై 10న అతడి పడవ అట్లాంటిక్‌లో ఖాళీగా తేలుతూ కనిపించింది. పుస్తకంలో చివరి రాత జులై 1 నాటిది. మనిషి జాడ లేదు. 5 వేల పౌండ్ల బహుమతి కూడా నాక్స్ జాన్‌స్టన్‌కే వచ్చింది. అతడు దాన్ని క్రోహర్స్ట్ భార్యాపిల్లలకు ఇచ్చేశాడు.

పడవ ఎంపిక గురించి రాసేవాళ్లు చాలామంది క్రోహర్స్ట్ తప్పు ట్రైమరాన్‌లో ఉందంటారు. అది సగం నిజం. తాహతుకు మించి కొన్న పడవ ఎంత మంచిదైనా మనిషిని రేవులోంచి తోస్తుందే గానీ వెనక్కి రానివ్వదు. మొదటి మనిషి స్లోకమ్‌ని చూడండి. అతడి పడవ ‘స్ప్రే’ ఎవరో ఇచ్చేసిన, పొలంలో పడి శిథిలమవుతున్న పాత చెక్కల గూడు. 13 నెలలు తన చేతులతో చెక్క చెక్కా మార్చి, ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లని రాసిపెట్టుకున్నాడు. 1895లో వెళ్లి 1898లో వచ్చాడు. అప్పులవాళ్లెవరూ రేవులో ఎదురుచూడలేదు.

గోవా నుంచి...

మన నౌకాదళం ఈ ఎంపిక చాలా జాగ్రత్తగా చేసింది. ఒంటరి భూప్రదక్షిణకు డచ్చి నమూనా ఒకటి తీసుకుని గోవాలో రత్నాకర్ దండేకర్ పడవల కార్ఖానాలో 56 అడుగుల ‘మాదేయి’ని కట్టించింది. దిలీప్ దోందే 2009-10లో నాలుగు చోట్ల ఆగుతూ, అభిలాష్ టామీ 2012-13లో ఎక్కడా ఆగకుండా అందులోనే చుట్టి వచ్చారు. ఆడపిల్లల బృందాన్ని పంపాలనుకున్నప్పుడు కొత్త ప్రయోగాలకు పోలేదు. రెండుసార్లు రుజువైన ఆ నమూనాలోనే అక్కడే ఇంకో పడవ కట్టించారు. అదే ‘తారిణి’. విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి సహా ఆరుగురు 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి వెళ్లి 254 రోజుల తరువాత, 2018 మే 21న తిరిగొచ్చారు. చివర్లో చుక్కాని తిప్పే అమరిక చెడితే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకున్నారు. ఆగడానికి వాళ్లకు ఏ ఒప్పందమూ అడ్డు రాలేదు. 2024 అక్టోబరులో దిల్నా, రూప అనే మరో ఇద్దరు అధికారిణులు అదే తారిణిలో బయల్దేరి 2025 మేలో క్షేమంగా వచ్చారు.

పాత గోల్డెన్ గ్లోబ్‌కు యాభై ఏళ్లైన సందర్భంగా 2018లో మళ్లీ అలాంటి పందెమే పెట్టారు. ఈసారి నిర్వాహకులు పడవ విషయం ఎవరి ఇష్టానికీ వదలలేదు. 32 నుంచి 36 అడుగులు, 1988కి ముందు నాటి నమూనా, పొడవునా కీల్, దాని వెనకే చుక్కాని. 1968లో లేని పరికరాలు వాడకూడదు. అభిలాష్ టామీ ఎంచుకున్నది సుహైలీ నమూనానే. గోవాలోనే కట్టించి ‘తురీయ’ అని పేరు పెట్టాడు.

చరిత్రలో అంతకు మించి రుజువున్న నమూనా ఏది? అయినా సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపాను దాన్ని తలకిందులు చేసింది. తురీయ మళ్లీ లేచింది, నమూనా మాట నిలబెట్టుకుంది. కానీ కొయ్యలు విరిగాయి, కొయ్య మీంచి కిందపడ్డ అభిలాష్ వెన్ను విరిగింది. కదల్లేక మూడు రోజులు పడకలోనే ఉన్నాడు. ఫ్రెంచి నౌక కాపాడి ఒక దీవికి చేరిస్తే, అక్కడి నుంచి ఐఎన్ఎస్ సాత్పురా విశాఖపట్నం తీసుకొచ్చింది. వెన్నులో టైటానియం కడ్డీలు వేశారు. తురీయ అక్కడే ఉండిపోయింది.

ఆ ఏడాది బయల్దేరిన 18 మందిలో చివరిదాకా వచ్చింది ఐదుగురు. మొదటి మూడు స్థానాల్లో వచ్చిన పడవలు మూడూ ‘రస్లర్ 36’ అనే ఒకే రకం. గెలిచిన జాన్ లుక్ వాన్ డెన్ హీడ్ వయసు 73. అతడి పడవా పసిఫిక్‌లో పడి లేచింది. దెబ్బతిన్న కొయ్యను తనే ఎక్కి మళ్లీ మళ్లీ బిగించుకుంటూ వచ్చాడు. ఐదో మనిషి టాపియో లెహ్టినెన్ పడవ అడుగున గుల్లలు పట్టి, నత్తనడకన వచ్చి చేరింది. 2022లో అతడు అదే పడవలో మళ్లీ వెళ్లాడు. ఒకసారి ప్రపంచం చుట్టిన పడవ కదా! దక్షిణాఫ్రికాకు ఆగ్నేయంగా కొన్ని నిమిషాల్లోనే మునిగిపోయింది. తోటి పోటీదారు కిర్స్టెన్ నోయ్‌షాఫర్ దారి మళ్లించుకుని వచ్చి అతణ్ని తెప్పలోంచి ఎక్కించుకుంది. చివరికి పందెం గెలిచిందీ ఆమే.

అదే పందెంలో అభిలాష్ కూడా ఉన్నాడు. ఈసారి అతడి పడవ రస్లర్ 36. పేరు ‘బయానత్’. దారిలో గాలిని బట్టి చుక్కాని తిప్పే పరికరం మళ్లీ మళ్లీ విరిగింది. నీళ్లలో ఉండే దాని పలకకు బదులు చెక్క కావాల్సి వచ్చింది. ముందు అత్యవసరానికి ఉంచుకున్న చుక్కాని కోశాడు. అదీ అయిపోయాక పడవలో ఇంకేం చెక్కలున్నాయా అని వెతికాడు. చివరికి మరుగుదొడ్డి తలుపు ఊడదీసి, కోసి బిగించాడు. 2023 ఏప్రిల్ 29న, తలుపు లేని ఆ పడవలోనే ఫ్రాన్స్ తీరం చేరి రెండో స్థానంలో నిలిచాడు.